వైజాగ్ నుంచి గుల్మార్గ్‌కి స్కీయింగ్‌కి వెళ్లాలంటే ఏ నెల మంచిది?

మీరు క్రిస్మస్ సెలవులా, సంక్రాంతి సెలవులా, పరీక్షలయ్యాక ఏప్రిలా అని అడిగారు. ఇంట్లో అందరూ స్కీయింగ్ కొత్తగా నేర్చుకుంటారని కూడా రాశారు. నన్నడిగితే ఆ మూడూ వద్దండి. ఫిబ్రవరి రెండో వారం నుంచి నెలాఖరు లోపు వెళ్లండి. పిల్లలకి బడి వారం పోతే కొంపలేం మునిగిపోవు. డిసెంబర్‌లోనూ, ఫిబ్రవరిలోనూ, మార్చిలోనూ అక్కడ ఉండి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మనవాళ్లు చలి ఉంటే మంచు ఉన్నట్టే అనుకుంటారు. చలికేం, డిసెంబర్‌లో కావలసినంత ఉంటుంది. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, ఏడాది మొత్తంలో అవే గట్టి చలిరోజులు. రాత్రిపూట గుల్మార్గ్‌లో మైనస్ 10 దాకా దిగడం మామూలే. కానీ మంచు పడాలంటే మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చే మేఘాలు కావాలి. వాటిని పశ్చిమ అవాంతరాలు అంటారు. మనం బంగాళాఖాతంలో అల్పపీడనం కోసం చూసినట్టు అక్కడివాళ్లు వీటికోసం చూస్తుంటారు. వస్తే రెండు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురుస్తుంది. రాకపోతే నెల మొత్తం నీలాకాశం, కింద ఎండుగడ్డి. 2024 జనవరిలో అదే అయింది. నెలాఖరు వరకు గుల్మార్గ్ మైదానం గోధుమరంగులోనే ఉంది.

అందుకే క్రిస్మస్ అంటే లాటరీ. నేను వెళ్లినప్పుడు కింద పలచగా ఉంది, అక్కడక్కడా రాళ్లు తేలి కనిపించాయి. స్లెడ్జి మీద కూర్చోబెట్టి లాగేవాళ్లకి మాత్రం బేరాలు బాగానే నడిచాయి. సంక్రాంతికి అవకాశం కొంచెం మెరుగు, అయినా నమ్మలేం. పైగా డిసెంబర్, జనవరిల్లో ఢిల్లీ పొగమంచుకి విమానాలు గంటలు గంటలు ఆలస్యమవుతాయి. మీరు ఢిల్లీ మీదుగా వెళ్తే శ్రీనగర్ విమానం తప్పిపోయే భయం మంచు కంటే ముందే మొదలవుతుంది.

ఫిబ్రవరి నాటికి అంతవరకు పడిందంతా పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. ఒక వారం కురవకపోయినా నేల కనపడదు. అలాగని గ్యారంటీ అనుకోకండి. 2025లో గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ ఫిబ్రవరిలో జరగాల్సింది, మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. ఉన్న నెలల్లో మంచిది అని మాత్రమే నా ఉద్దేశం.

ఇక ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. గుల్మార్గ్‌కి ప్రపంచంలో పేరొచ్చింది పౌడర్ వల్ల, అంటే పిండిలా తేలిగ్గా ఉండే కొత్త మంచు వల్ల. విదేశీయులు దానికోసమే పడిగాపులు కాస్తారు. మనలాంటి కొత్తవాళ్లకి అది నరకం. నడుంలోతు మంచులో స్కీ కూరుకుపోతుంది, పడితే లేవడానికే ఆయాసం. నేర్చుకోవడానికి కావలసింది నలుగురు తొక్కి గట్టిపడిన మంచు, తక్కువ వాలు. కాబట్టి పెద్దగా కురిసిన మర్నాడు కాకుండా రెండో రోజో మూడో రోజో దిగండి. కొండపైకి తీసుకెళ్లే గొండోలా, అంటే కేబుల్ కారు, కింది స్టేషన్ పరిసరాల్లోని చిన్న వాలులు చాలు, మొదటి వారంలో పైకి వెళ్లే పనే లేదు. క్రమంగా నేర్చుకోవాలనుంటే అక్కడే కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్, మౌంటెనీరింగ్ సంస్థ ఉంది. చలికాలంలో కోర్సులు పెడుతుంది, సీట్ల సంగతి ముందే కనుక్కోండి.

మార్చి మొదటి పది రోజులు కూడా పర్వాలేదు. పొద్దున్న మంచు గాజులా గట్టిగా జారుతుంది, పదకొండు దాటితే మెత్తబడుతుంది, రెండింటికల్లా బురద బురద. పొద్దున్నే మొదలుపెట్టి భోజనం వేళకి ముగించాలి. ఎండ మామూలుది కాదు. మంచు మీద పడి తిరిగి ముఖానికే కొడుతుంది. ఆర్కే బీచ్‌లో మిట్టమధ్యాహ్నం తిరిగే నాకు కూడా అక్కడ ముక్కు తోలూడింది. సన్‌స్క్రీన్, నల్లకళ్లద్దాలు తప్పనిసరి. ఏప్రిల్ అంటే కింద మైదానం చిత్తడి, పైన మాత్రం తెల్లగా ఉంటుంది. అదొక్కటే కుదిరితే శ్రీనగర్‌లో తులిప్ తోట చూడండి, గొండోలా ఎక్కి మంచు చూసి రండి, స్కీయింగ్ ఆశ వదిలేయండి.

గొండోలా అంటే మన కైలాసగిరి రోప్‌వే అనుకునేరు. గుల్మార్గే సుమారు 2,650 మీటర్ల ఎత్తు. మొదటి దశ 3,000 మీటర్లు దాటి కొంగ్‌డూరి వరకు, రెండో దశ దాదాపు 3,950 మీటర్ల దాకా అఫర్వాత్ కొండ మీదికి. గాలి లేస్తే రెండో దశ ఆపేస్తారు, పెద్ద మంచు పడ్డాక మంచుచరియలు విరిగిపడే ప్రమాదం చూసుకుని గానీ తెరవరు. విసుక్కోకండి. 2023 ఫిబ్రవరిలోనూ, 2024 ఫిబ్రవరిలోనూ అఫర్వాత్ వాలుల్లో మంచుచరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు చనిపోయారు. కట్టిన తాళ్లు దాటి ఎవరు రమ్మన్నా వెళ్లొద్దు.

లంబసింగి చలి చూసినవాళ్లం కదా అని ధీమా వద్దు, అలాగని హడలిపోనూ అక్కర్లేదు. గాలి లేని ఎండపూట మైనస్ 2 కూడా హాయిగా ఉంటుంది. మన ఉక్కపోతకి అలవాటుపడ్డ ఒంటికి ఇబ్బందల్లా పొడిగాలి. పెదాలు పగులుతాయి, దాహం తెలియదు. చలికి ఫోన్ చార్జింగ్ కూడా దిగిపోతుంది. జీన్స్ తడిస్తే ఆరదు, వద్దు. బరువైన కోట్లు, గమ్‌బూట్లు కొనకండి, తంగ్‌మార్గ్‌లో అద్దెకిస్తారు. అక్కడి నుంచి గుల్మార్గ్ 13 కిలోమీటర్ల ఘాట్. మంచు పడితే చక్రాలకి గొలుసులు కట్టిన బండో, ఫోర్‌బైఫోరో తప్ప వెళ్లనివ్వరు. మీ సిమ్ ప్రీపెయిడ్ అయితే జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, ఒక్కరైనా పోస్ట్‌పెయిడ్ పెట్టుకోండి.

ఉత్తరాఖండ్‌లోని ఔలి గురించి కూడా అడిగారు. 2023 జనవరిలో ఔలికి దిగువనున్న జోషిమఠ్‌లో భూమి కుంగాక అక్కడి రోప్‌వే ఆపేశారు, రోడ్డు మీదే ఎక్కాలి. ఔలిలో మంచు నిలిచే కాలం కూడా తక్కువ. మీకైతే గుల్మార్గే నయం.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. మంచు కురిస్తే శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి. 2025 జూన్ నుంచి శ్రీనగర్ నుంచి జమ్మూ దగ్గరి కట్రాకి వందేభారత్ రైలు ఉంది, విమానం లేని రోజు అది అక్కరకొస్తుంది. హోటల్ మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకుని, వెళ్లే ముందు వారం శ్రీనగర్ వాతావరణ కేంద్రం సూచన చూసుకుని బయల్దేరండి.