నియంతృత్వమా, నియంతత్వమా?

సందేహం: మాస్టారూ, మాది గాజువాక, డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో వ్యాసరచన పోటీకి 'ప్రజాస్వామ్యాన్ని కూల్చి నియంతలు ఎలా వస్తారు' అనే అంశం ఇచ్చారు. నేను 'నియంతత్వం' అని రాస్తే మా మేడం తప్పన్నారు. నిరంకుశత్వం ఒప్పయినప్పుడు ఇదెందుకు తప్పు? ఈ రెండింటికీ అర్థంలో తేడా ఉందా?

సమాధానం: తప్పేనమ్మా. నేతకి నేతృత్వం, దాతకి దాతృత్వం, వక్తకి వక్తృత్వం ఎలాగో నియంతకి నియంతృత్వం అలాగ. సంస్కృతంలో అసలు మాట 'నియంతృ'. ప్రథమా విభక్తిలో 'నియంతా' అయి, తెలుగులోకి వచ్చాక చివరి దీర్ఘం పోయి నియంత అయింది. 'త్వం' చేర్చేది మూలరూపానికి కాబట్టి అక్కడ 'తృ' మళ్లీ బయటికొస్తుంది. నిరంకుశ అకారాంతం, అంటే 'అ'తో ముగిసే మాట, దానికి ఈ చిక్కు లేదు. పక్కపక్కన వినబడే మాటలు కదా, ఒకదాని పోలికతో రెండోది రాసేశారు.

అర్థంలో తేడా ఉంది, మీ వ్యాసానికి పనికొచ్చేది అదే. అమరకోశం 'నియంతా' అన్నమాటను సారథికి ఉన్న పేర్లలో చెప్పింది. అంటే పగ్గాలు పట్టుకున్నవాడు. ఇప్పటికీ మనం 'అధికార పగ్గాలు చేపట్టారు' అనే రాస్తాం, అందులో తప్పేమీ లేదు, బండి నడపాలంటే ఎవరో ఒకరు పగ్గాలు పట్టాలి. కానీ సారథి బండికి యజమాని కాడు, ఎటు పోవాలో చెప్పేది వెనక కూర్చున్నవాడు. ఆ కూర్చున్నవాళ్లు ప్రజలు, అందుకే ప్రజాస్వామ్యం అన్నాం. స్వామ్యం అంటే యాజమాన్యం, మన సింహాచలం స్వామిలో ఉన్న స్వామి ఇదే. (మొన్న జగదాంబ జంక్షన్లో ఒక బ్యానర్ మీద చెయ్యెడు అక్షరాలతో 'ప్రజాసామ్యం' అని చూసి చాలా బాధేసింది. సామ్యం అంటే పోలిక. ఆ ఒక్క వత్తు పోతే జనం చేతిలో ఉన్న యాజమాన్యం మొత్తం పోయినట్టే.)

ఇక నిరంకుశం. అంకుశం మావటి చేతిలో ఉండే కొక్కెం, అది లేని ఏనుగు ఎలా ఉంటుందో అలా ఉండేవాడు నిరంకుశుడు. కవులు నిరంకుశులని మన పెద్దలు అన్నది కూడా ఈ అర్థంలోనే. వాడుకలో చూస్తే వంశపారంపర్యంగా వచ్చిన రాజు పాలన నిరంకుశం అంటాం కానీ ఆ రాజుని నియంత అనడం తక్కువ. నిజాంది నిరంకుశ పాలన, హిట్లర్ నియంత. రాజుకి అంకుశం మొదటినుంచీ లేదు, నియంత మాత్రం ఉన్నదాన్ని తీయించుకోవాలి.

అందుకే మీ అంశంలో 'కూల్చి' అన్న మాట దగ్గర నేను ఆగాను. పత్రికలు 'ప్రజాస్వామ్యం ఖూనీ' అంటాయి. ఖూనీ అంటే ఒక్క వేటు, అందరికీ తెలిసిపోతుంది. నాకు నచ్చే మాట 'విప్పేయడం'. వన్‌టౌన్‌లో మా వీధిలో ఒక పాత పెంకుటిల్లు విప్పుతుంటే వారం రోజులు చూశాను. ముందు పెంకులు ఒక్కొక్కటే చేతులు మార్చుకుంటూ దించి అరుగు పక్కన పేర్చారు, తర్వాత వాసాలు, ఆ తర్వాత దూలం. వీధిలోంచి చూస్తే గోడలు అలాగే ఉన్నాయి, గడపకి పసుపు కూడా అలాగే ఉంది, లోపల మాత్రం నడినెత్తిన ఎండ.

జర్మనీలో జరిగింది ఇదే. 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌గా (మన ప్రధానమంత్రి లాంటి పదవి) నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, అప్పటికి అంతా చట్టప్రకారమే. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే ఒక ఉత్తర్వుతో పత్రికలు రాసే హక్కు, జనం సభ పెట్టుకునే హక్కు పోయాయి. మార్చి 23న, పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసుకోవచ్చని పార్లమెంటే ఓటేసింది: అవునన్నవాళ్లు 444, కాదన్నవాళ్లు 94. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లు, కమ్యూనిస్టు సభ్యులు అప్పటికే జైల్లోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. జులై 14కల్లా నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది. నవంబరులో ఎన్నికలు కూడా పెట్టారు, ఓటేయడానికి ఒకటే జాబితా. హిట్లర్ రాకముందు నుంచీ ఉన్న ప్రజాస్వామ్య రాజ్యాంగాన్ని, అదే వైమార్ రాజ్యాంగాన్ని మాత్రం ఎన్నడూ అధికారికంగా రద్దు చేయలేదు. అదే గడపకున్న పసుపు.

మన దగ్గర 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం పెట్టారు, కేంద్ర మంత్రివర్గానికి తెలిసింది తెల్లారాక. (తెలుగులో రాస్తే 'ఆత్యయిక' పరిస్థితి అనాలి, 'అత్యయిక' కాదు.) పత్రికల మీద సెన్సార్, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో, 42వ సవరణతో లోక్‌సభ గడువు ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు. ఇదంతా నిలబడింది రాజ్యాంగం 352వ అధికరణంలోని 'అంతర్గత కల్లోలం' అనే మాట మీద. ఎంత వదులు మాటో చూడండి, సమ్మె జరిగినా కల్లోలమే, ఊరేగింపు తీసినా కల్లోలమే. 1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు, మరుసటి ఏడాది 44వ సవరణలో ఆ మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టారు, లోక్‌సభ గడువు మళ్లీ ఐదేళ్లు చేశారు. ఎమర్జెన్సీ పెట్టాలంటే ముందు మంత్రివర్గం తన నిర్ణయాన్ని రాష్ట్రపతికి లిఖితపూర్వకంగా తెలపాలని కూడా చేర్చారు. వ్యాసంలో అంకుశం గురించి రాసేటప్పుడు ఆ 'లిఖితపూర్వకంగా' అన్న మాట తప్పకుండా పెట్టండమ్మా.