లేక్ టాహో ఎలాంటి చోటు? అక్కడ చూడ్డానికి, చేయడానికి ఏముంది?

లేక్ టాహో అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు మీద, సియెర్రా నెవాడా కొండల్లో ఉంది. సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తు. పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. లోతేమో ఏకంగా 501 మీటర్లు! అమెరికాలో ఇంతకన్నా లోతైన సరస్సు ఆరిగన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే.

ఇంత లోతుకు కారణం భూమి పొరల్లోని పగుళ్లు. రెండు వైపులా కొండలు పైకి లేచి, మధ్య నేల కుంగిపోయింది. 63 వాగులు ఇందులోకి దిగుతాయి, బయటికి పోయేది మాత్రం ట్రకీ నది ఒక్కటే. అదీ సముద్రం దాకా వెళ్లదు, నెవాడాలోని పిరమిడ్ లేక్‌లో కలిసిపోతుంది. అంత నీరు చల్లబడటానికి చలికాలం చాలదు కాబట్టి సరస్సు మొత్తం గడ్డకట్టదు.

చలికాలంలో స్కీయింగ్ ఉంటుంది, 1960 వింటర్ ఒలింపిక్స్ ఆ పక్క లోయలోనే జరిగాయి. నన్నడిగితే వేసవే బాగుంటుంది. నెవాడా వైపున్న శాండ్ హార్బర్ అనే బీచ్‌కి వెళ్లండి. గుండ్రటి గ్రానైట్ బండల మధ్య కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలో, వెళ్తుంటే అడుగున రాళ్లు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తాయి. ఎండగా ఉందని ఒక్కసారిగా దూకేయకండి. జూలైలోనూ నీళ్లు జివ్వుమంటాయి, ఊపిరి బిగుసుకుపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకోండి.