'సస్పెండ్ చేశాం, రాజీనామా రాసివ్వు' అంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అన్నయ్య లాతీను రీతి కథోలిక గురువు. పదేళ్ల కిందట ఒక మైనర్ పట్ల అనుచితంగా ప్రవర్తించారని ఈమధ్య బిషప్‌గారికి ఫిర్యాదు అందింది. ఆయన పిలిపించి 'నిన్ను సస్పెండ్ చేశాం, విచారణ గురువు (పారిష్ బాధ్యత చూసే గురువు) పదవికి రాజీనామా రాసివ్వు' అన్నారట. ఆదివారం పూజలో ఆ సంగతి చదివి వినిపించారు కూడా. చేతికి కాగితమేదీ ఇవ్వలేదు. అన్నయ్య తాను ఏ తప్పూ చేయలేదంటున్నారు. మేమేం చేయాలి?

జవాబు: ముందుగా, ఆ రాజీనామా మీద ఇప్పుడే సంతకం పెట్టవద్దని చెప్పండి. అన్యాయంగా కలిగించిన తీవ్రమైన భయంతో రాసిచ్చిన రాజీనామా చెల్లదని కానన్ (కథోలిక సంఘ చట్టంలోని సెక్షన్) 188 అంటుంది. అయితే ఆ భయాన్ని తర్వాత రుజువు చేయాల్సింది ఆయనే. రాత తనది, సంతకం తనది అయినప్పుడు అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, అది అమల్లోకి రాకముందే లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు (కానన్ 189).

సంతకం పెట్టనంత మాత్రాన బిషప్ చేతులు కట్టేసినట్టు కాదు. విచారణ గురువును తొలగించడానికి 1740 నుంచి 1747 వరకు కానన్లలో వేరే పద్ధతి ఉంది. బిషప్ ఇద్దరు విచారణ గురువులతో చర్చించి, కారణం చూపి, పదిహేను రోజుల్లో తప్పుకొమ్మని నచ్చజెప్పాలి. తొలగించాక ఆయన పైకి అప్పీలు చేసుకుంటే, అది తేలేవరకు అక్కడ కొత్త విచారణ గురువును నియమించకూడదు. తాత్కాలిక నిర్వాహకుణ్ణి మాత్రమే పెట్టాలి. సంతకం చేస్తే ఈ రక్షణంతా పోతుంది.

ఇక 'సస్పెండ్' అన్న మాట. కానన్ చట్టంలో సస్పెన్షన్ అంటే శిక్ష. రుజువు కాకముందు విధించగలిగేది ముందుజాగ్రత్త ఆంక్ష మాత్రమే (కానన్ 1722). బహిరంగంగా పూజ చేయవద్దనడం, ఫలానా చోట ఉండమనడం లాంటివి ఇందులోకి వస్తాయి. కారణం తొలగితే ఆంక్షనూ ఎత్తేయాలి. ఈ దశలో 'సస్పెన్షన్' అన్న పదం వాడవద్దని విశ్వాస సిద్ధాంత డికాస్టరీ (ఇలాంటి కేసులు చూసే వాటికన్ శాఖ) మార్గదర్శినే చెబుతోంది. అన్నయ్యగారు బిషప్‌కు మర్యాదగా ఉత్తరం రాసి మూడు సంగతులు అడగాలి: ఆంక్ష లిఖిత ఆజ్ఞ, అది ఏ కానన్ కింద ఇచ్చారన్నది, కానన్ 1717 ప్రకారం ప్రాథమిక దర్యాప్తుకు డిక్రీ జారీ అయిందా అన్నది. ఉత్తరం అందినట్టు రసీదు తీసుకోవాలి. (మన భాషలో విచారణ అంటే పారిష్ కూడా కాబట్టి ఉత్తరంలో 'దర్యాప్తు' అనే రాయమనండి, గందరగోళం తప్పుతుంది.)

ఆజ్ఞ చేతికందిన రోజు తేదీ రాసిపెట్టుకోవాలి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. దాన్ని రద్దు చేయమని బిషప్‌నే లిఖితపూర్వకంగా కోరడానికి గడువు పది రోజులు (కానన్ 1734). ఆయన నిరాకరించినా, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, అక్కణ్ణుంచి పదిహేను రోజుల్లో రోమ్‌లోని సంబంధిత డికాస్టరీకి అప్పీలు చేసుకోవాలి. బిషప్ ద్వారా పంపినా సరే, ఆయన దాన్ని వెంటనే పైకి పంపాల్సిందే. అయితే అప్పీలు వేసినంత మాత్రాన ముందుజాగ్రత్త ఆంక్ష ఆగదు. అది ఉన్నంతకాలం తు.చ. తప్పకుండా పాటించాలి. చాటుగా ఒక పూజ చేసినా అది కొత్త కేసవుతుంది.

ప్రాథమిక దర్యాప్తు తేల్చేది నేరం జరిగిందా అన్నది కాదు, ఆరోపించినది జరిగి ఉండడానికి వీలున్నదా అన్నది. ఈ తేడా పట్టించుకోకుండా 'నమ్మదగిన ఆరోపణ' అన్న ముద్రను దోషనిర్ధారణలా ప్రచారం చేస్తారు. నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషే అన్న మాట 2021 సవరణతో నేరుగా కానన్ 1321లోకి ఎక్కింది. దర్యాప్తు వల్ల ఎవరి మంచిపేరుకూ ముప్పు రాకూడదని 1717 అంటుంది. మంచిపేరు హక్కు కానన్ 220లో ఉంది. కాబట్టి ఆదివారం ప్రకటనను సరిదిద్దమని అడగవచ్చు. 'ఒక ఫిర్యాదు అందింది. ప్రాథమిక దర్యాప్తు జరుగుతోంది. అది ముగిసేవరకు ఫాదర్ బహిరంగ సేవలో ఉండరు. ఇది నేరనిర్ధారణ కాదు.' ఇంతకు మించి ఒక్క ముక్క అక్కర్లేదు.

మైనర్ విషయం కాబట్టి దస్త్రం రోమ్‌కు వెళుతుంది. కాలపరిమితి ఆ మైనర్‌కు 18 ఏళ్లు నిండిన రోజు నుంచి 20 సంవత్సరాలు. దాన్ని సడలించే అధికారం డికాస్టరీకి ఉంది. అందుకే 'పాత సంగతి, కొట్టేస్తారు' అన్న ధీమా వద్దు. శిక్షా ప్రక్రియ మొదలైతే నిందితుడికి న్యాయవాది ఉండి తీరాలి. ఆ న్యాయవాదికి కానన్ చట్టంలో కనీసం లైసెన్షియేట్ డిగ్రీ ఉండాలి. నేరం ఒప్పుకోవాలనీ, ప్రమాణం చేయాలనీ నిందితుణ్ణి బలవంతపెట్టకూడదు (కానన్ 1728).

పోలీసు కేసు దారి వేరు, దానికి వేరే లాయరు కావాలి. బిషప్ కార్యాలయంలో ఇచ్చిన వాంగ్మూలం రేపు కోర్టుకు చేరవచ్చు. అందువల్ల ఏది రాసిచ్చినా ముందు ఇద్దరు లాయర్లూ చూడాలి.

తప్పుడు ఫిర్యాదుకు కానన్ 1390లో శిక్ష ఉంది. కానీ ఇప్పుడే ఎదురు ఫిర్యాదు వేయవద్దని నా సలహా. నేరం రుజువు కాకపోవడం వేరు, ఫిర్యాదు కావాలని అబద్ధంగా చేసిందని తేలడం వేరు. ఇప్పుడు వేస్తే బెదిరింపుగా చూస్తారు. ఫిర్యాది ఇంటికి మీరుగానీ బంధువులుగానీ వెళ్లవద్దు, ఫోన్ చేయవద్దు, మధ్యవర్తుల్ని పంపవద్దు.