మంచు పలకల కింది సముద్రం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గ్లాసులో తేలే ఐసు ముక్క కరిగినా నీటి మట్టం పెరగదని చిన్న తరగతుల్లోనే పిల్లలకు చెబుతాం. అంటార్కిటికా చుట్టూ ఉన్న మంచు పలకలు కూడా నీటి మీద తేలేవే కదా, అవి కరిగితే సముద్రం పెరుగుతుందని ఎందుకు అంటున్నారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు పిల్లలకు చెప్పింది సరైనదే. తేలే మంచు తన బరువుకు సమానమైన నీటిని ముందే పక్కకు నెట్టి ఉంటుంది కనుక, అది కరిగినందువల్ల మట్టంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు. అయితే ఆ పలక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. అంటార్కిటికా నేల మీద పేరుకున్న మంచు సొంత బరువుకే నెమ్మదిగా జారుతూ, హిమానీనదాలుగా తీరానికి చేరి, నేల అంచు దాటిన తర్వాత సముద్రం మీదకు సాగి తేలుతుంది. ఆ తేలే భాగమే మంచు పలక. ఇరువైపులా ఉన్న కొండలనో, అడుగున ఉన్న మిట్టలనో ఒరుసుకుంటూ అది నిలిచి ఉన్నంతకాలం వెనక నుంచి వచ్చే మంచు జోరును ఆపుతుంది. పలక పలచబడినా, విరిగిపోయినా ఆ అడ్డు తొలగి, అంతవరకూ నేల మీద ఉన్న మంచు సముద్రంలోకి దిగడం మొదలుపెడుతుంది. మీ గ్లాసులోకి బయటి నుంచి కొత్త ఐసు ముక్కలు వేస్తూ పోతే ఏమవుతుందో, ఇక్కడ జరిగేదీ అదే.

2002లో లార్సెన్-బి అనే పలకలో దాదాపు 3,250 చదరపు కిలోమీటర్ల భాగం నెల రోజుల్లోనే ముక్కలైపోయింది. దాని వెనక ఉన్న హిమానీనదాలు ఆ తర్వాత కొన్ని రెట్లు వేగం పుంజుకున్నాయి. అక్కడ ప్రధానంగా దెబ్బతీసింది పైన వెచ్చబడిన గాలి, ఉపరితలం మీద మడుగులు కట్టి పగుళ్లలోకి దిగిన నీరు. అంటార్కిటికాలో మరింత పెద్ద ముప్పు మాత్రం పైనుంచి కాదు, కింది నుంచి వస్తోంది. తర్వాతి ప్రశ్న దాని గురించే కనుక అక్కడ వివరంగా చెబుతాను.

ప్రశ్న: వందల మీటర్ల మందం ఉన్న మంచు కింద ఏం జరుగుతోందో ఎవరు చూశారు, ఎలా చూశారు? అది అంచనా మాత్రమేనా, నిజంగా కొలిచారా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: కొలిచారమ్మా. ఆ కొలతల చరిత్రలో అందరికన్నా ముందు చెప్పవలసిన పేరు స్టాన్లీ జేకబ్స్. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లామాంట్-డోహర్టీ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఈ సముద్ర శాస్త్రవేత్త 1960ల నుంచే దక్షిణ ధ్రువ సముద్రాలను అధ్యయనం చేశారు. ఆయనకు బాగా తెలిసిన రాస్ సముద్రంలో పలక కిందకు వెళ్లే నీరు దాదాపు గడ్డకట్టే స్థితిలోనే ఉంటుంది కాబట్టి అక్కడ అడుగు కరుగు చాలా తక్కువ. 1994లో ఆయన బృందం ‘నథానియెల్ బి. పామర్’ అనే మంచును చీల్చుకుపోయే ఓడలో, పశ్చిమ అంటార్కిటికాలోని అముండ్సెన్ సముద్రంలోకి, పైన్ ఐలండ్ హిమానీనదం ముంగిటికి వెళ్లింది.

పని విధానం వినడానికి సులువుగానే ఉంటుంది. ఒక లోహపు చట్రానికి చుట్టూ పొడవాటి సీసాలు బిగించి, మధ్యలో ఉష్ణోగ్రతనూ, లవణీయతనూ, లోతునూ కొలిచే పరికరం ఉంచి, కేబుల్‌తో సముద్రపు అడుగు దాకా దించుతారు. పైకి లాగేటప్పుడు కావలసిన లోతుల్లో ఒక్కొక్క సీసా మూతపడి అక్కడి నీటిని పట్టుకుంటుంది. పైన్ ఐలండ్ ముందు ఇలా కొలిచినప్పుడు, పైపొరల్లో సున్నాకు దిగువన ఉన్న ఉష్ణోగ్రత లోతుకు వెళ్లేకొద్దీ పెరుగుతూ సున్నా దాటి, అడుగున ఒక డిగ్రీ సెల్సియస్‌కు పైగా నమోదైంది. మనకు అది గడ్డకట్టించే చలే. మంచుకు మాత్రం అది తీవ్రమైన వేడి. ఎందుకంటే ఉప్పునీరు సముద్ర మట్టం వద్ద సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ పీడనం వల్ల ఆ హద్దు ప్రతి వెయ్యి మీటర్లకూ ముప్పావు డిగ్రీ చొప్పున ఇంకా తగ్గుతుంది. అంటే వెయ్యి మీటర్ల లోతున ఉన్న మంచును తాకే ఆ నీరు, కరిగించడానికి కావలసిన దానికన్నా మూడున్నర డిగ్రీలకు పైగా వెచ్చగా ఉందన్నమాట.

వెచ్చని నీరు పైకి తేలకుండా అడుగున ఎలా ఉందని మీకు సందేహం రావచ్చు. దానిలో ఉప్పు ఎక్కువ, అందువల్ల బరువూ ఎక్కువే. అంటార్కిటికాను చుట్టి ప్రవహించే ఈ లోతు నీరు, పూర్వపు హిమయుగాల్లో మంచు తొలిచిన లోయల వెంట తీరం వైపు వచ్చి పలక కిందకు చొరబడుతుంది. అక్కడ కరిగిన మంచు మంచినీరు కనుక, దానితో కలిసిన నీరు తేలికై పలక అడుగు వెంట పైకి ఎగబాకుతూ బయటికి పోతుంది, ఆ ఖాళీని నింపడానికి మరింత వెచ్చని నీరు లోపలికి వస్తుంది. బయటికి వచ్చే నీటిలో కరిగిన మంచు వాటా ఎంతో ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువుల) ద్వారా తెలుస్తుంది, ఎందుకంటే హిమానీనదపు మంచులో బరువైన ఆక్సిజన్ పాలు సముద్రపు నీటిలో కన్నా తక్కువ. ఆ లెక్కల నుంచి, పైన్ ఐలండ్ పలక అడుగున ఏటా సగటున 10 మీటర్లకు పైగా కరుగుతోందని జేకబ్స్ బృందం 1996లో ప్రకటించింది.

జేకబ్స్ 2009లో మళ్లీ అదే చోటికి వెళ్లడం నా దృష్టిలో అంతే ముఖ్యమైనది. ఈసారి బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన ఏడ్రియన్ జెంకిన్స్ బృందం మనిషి లేకుండా తిరిగే ‘ఆటోసబ్-3’ అనే జలాంతర్గామిని పలక కిందకే పంపింది. అంతకు ముందరి ‘ఆటోసబ్-2’ 2005లో ఫింబుల్ పలక కిందకు వెళ్లి తిరిగి రాలేదని గుర్తుంచుకుంటే, అది ఎంత సాహసమో అర్థమవుతుంది. ఆటోసబ్-3 పలక కింద ఒక పొడవాటి మిట్టను కనిపెట్టింది. ఒకప్పుడు ఆ మిట్ట మీద మంచు ఆని ఉండేది. కరిగి దాన్ని వదిలేశాక, వెనక భాగానికి వెచ్చని నీరు వెళ్లడానికి దారి ఏర్పడింది. 1994తో పోలిస్తే నీటి ఉష్ణోగ్రత పెరిగింది కొద్దిగానే, కరుగు మాత్రం దాదాపు సగానికి సగం పెరిగింది. నీటి వేడి ఒక్కటే చూస్తే సరిపోదని, పలక కింద ఖాళీ ఎంత ఉంది, ప్రవాహం ఎంత జోరుగా ఉంది అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలని దీనితో తేలింది. తర్వాత 2012లో కొలిచినప్పుడు వెచ్చని పొర కొంత కిందకు దిగి ఉండటంతో, కరుగు 2010 నాటి దానిలో సగానికి తగ్గింది. ఇలాంటి హెచ్చుతగ్గులు చూసి ప్రమాదం లేదనుకోవడం ఎంత పొరపాటో, ఒక్క ఏడాది కొలతతో భవిష్యత్తు చెప్పేయడం కూడా అంతే పొరపాటు. అందుకే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి కొలిచే పరిశోధకులకు నిధులు ఆగకూడదని గట్టిగా నమ్ముతాను.

పక్కనే ఉన్న త్వైట్స్ హిమానీనదం ఇంకా పెద్దది, అది పూర్తిగా కరిగితే ప్రపంచ సముద్ర మట్టం 65 సెంటీమీటర్ల మేర పెరుగుతుంది. 2020 జనవరిలో వేడి నీటితో సుమారు 600 మీటర్ల మంచును తొలిచి, ఆ సన్నని రంధ్రం గుండా ‘ఐస్‌ఫిన్’ అనే రోబోను దించారు. పలక అడుగు చదునుగా ఉన్న చోట కరుగు అనుకున్నదాని కన్నా తక్కువగానూ, పగుళ్లలోనూ మెట్లలా ఉన్న నిటారు గోడల మీదా చాలా ఎక్కువగానూ ఉందని 2023లో వెలువడిన ఫలితాలు చెప్పాయి.

ప్రశ్న: ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా ఊరిని కోసేస్తోంది. దీనికి కారణం అంటార్కిటికా మంచేనా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: ప్రధాన కారణం అది కాదండీ. అంటార్కిటికా 1992 నుంచి 2017 వరకు సుమారు 2.72 లక్షల కోట్ల టన్నుల మంచును కోల్పోయిందని ఉపగ్రహాల అంచనా. దానివల్ల సముద్ర మట్టం పెరిగింది 7.6 మిల్లీమీటర్లు. తీరం కోతలో అలల దిశ, ఇసుక కదలిక, తుపానులు, ఆనకట్టల వల్ల నదులు తెచ్చే ఒండ్రు తగ్గడం వంటి స్థానిక కారణాల పాత్రే ఎక్కువ. వాటికి పరిష్కారం ఇక్కడే వెతకాలి. అయితే మనం అంటార్కిటికాకు దూరంగా ఉన్నామని ధీమా పడటానికి లేదు. అంత భారీ మంచు తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, దగ్గరి తీరాల్లో మట్టం తగ్గి, దూరంగా ఉన్న తీరాల్లో సగటు కన్నా ఎక్కువగా పెరుగుతుంది.

ప్రశ్న: ఈ రంగంలో చదవాలంటే మన దగ్గర అవకాశాలు ఉన్నాయా?
– ఇంటర్ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: ఉన్నాయి బాబూ. భౌతికశాస్త్రం, గణితం గట్టిగా నేర్చుకోండి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) హిందూ మహాసముద్రంలో తేలుతూ కొలతలు పంపే ఆర్గో పరికరాల సమాచారాన్ని సేకరించి పరిశోధకులకు అందిస్తుంది. అంటార్కిటికాలోని మైత్రి, భారతి కేంద్రాలకు మన దేశం పంపే యాత్రల నిర్వహణ గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రానిది.