స్పెషల్ స్కూల్ అయిపోయాక మా వాడి సంగతేంటి?

తిరుపతిలో ఉంటాం, మావాడికి 16 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది, స్కూల్ అయిపోతే ఏం చేయాలి అని అడిగారు కదక్కా. 18 నిండేదాకా ఆగొద్దు, ఇప్పుడే మొదలుపెట్టండి.

ముందు రోజువారీ పనులు. బస్సెక్కి టికెట్ తీసుకోవడం, పది రూపాయలిచ్చి చిల్లర సరిచూసుకోవడం, ఫోన్ ఎత్తి మాట్లాడటం. చదువు కంటే ఇవే రేపు అక్కరకొస్తాయి. క్లాసులో బొమ్మ నోట్లతో నేర్పితే అంగట్లో తడబడతారు. వారానికి రెండుసార్లు వాణ్ణే రైతుబజారుకు పంపి, మీరు పది అడుగుల దూరంలో నిలబడండి. తప్పులు చేస్తాడు, చేయనీండి.

పని విషయానికొస్తే, మన ఊళ్లో పూలదండలు కట్టడం, ప్యాకింగ్, హోటళ్లలో చిన్న పనులు ఉన్నాయి. ఏది ఇష్టమో వాణ్ణే అడగండి. మనమే తేల్చేస్తాం, అదే చిక్కు. సర్కారు ఉద్యోగాల్లో వికలాంగుల 4 శాతం కోటాలో మేధో వైకల్యమూ ఉంది.

కాగితాల్లో ముఖ్యమైంది యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డు. 18 నిండితే చట్టం దృష్టిలో వాడు మేజర్, తల్లిదండ్రులు తమంతట తామే గార్డియన్లు కారు. అవసరమైతే గార్డియన్‌గా నియమించమని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ (ఇలాంటి వైకల్యాలున్న వాళ్ల కోసం పెట్టిన కేంద్ర సంస్థ) చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టాలి. 2022లో జిల్లా విడిపోయింది కాబట్టి మీరు తిరుపతి కలెక్టరేట్‌కే వెళ్లాలి, చిత్తూరుకు కాదు. అదే ట్రస్ట్ నిరామయ బీమాలో లక్ష వరకు వైద్య ఖర్చులొస్తాయి.