పప్పు, గుడ్లు మానేస్తే కీళ్లవాతం తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మ నాలుగేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతంతో బాధపడుతున్నారు. మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైములకూ ఈ జబ్బుకూ జన్యుసంబంధం ఉందని ఎక్కడో చదివిన మా బంధువులు ఆవిడ చేత పప్పు, గుడ్లు మాన్పించమంటున్నారు. ఇది నిజమేనా? నేను జన్యుపరీక్ష చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి అమ్మగారి చేత పప్పు, గుడ్లు మాన్పించకండి. మీ బంధువులు చదివిన ఎంజైములు తిన్న ఆహారాన్ని అరిగించే పెప్సిన్, ట్రిప్సిన్ వంటివి కావు. కీళ్ల లోపొరలోని కణాలే తయారుచేసి, మృదులాస్థిలోని కొల్లాజెన్ వంటి మాంసకృత్తులను ఛేదించే మాట్రిక్స్ మెటలోప్రొటీనేజులు, అంటే ఎం.ఎం.పి.లు అవి. ఆరోగ్యవంతుల్లో ఇవి పాత కణజాలాన్ని తొలగించి కొత్తదానికి చోటిస్తాయి. కీళ్లవాతంలో వాపు వల్ల ఇవి మితిమీరి తయారై కీలును తినేస్తాయి.

వీటిలో ఎం.ఎం.పి.-3 గురించి కొంత వివరంగా చెప్పాలి. 11వ క్రోమోజోముపై ఉన్న దీని జన్యువును నియంత్రించే భాగంలో ఎడినిన్ అనే డి.ఎన్.ఏ. అక్షరం కొందరిలో వరుసగా ఐదుసార్లు, కొందరిలో ఆరుసార్లు వస్తుంది. ప్రయోగశాలలో ఐదు అక్షరాల రూపమే జన్యువును ఎక్కువ చురుగ్గా పనిచేయించినా, 2002లో వెలువడిన ఒక ఫ్రెంచి అధ్యయనంలో మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆరు అక్షరాల రూపమే వచ్చిన రోగుల ఎక్స్-రేలలో కీళ్ల నష్టం ఎక్కువగా కనిపించింది. తర్వాతి అధ్యయనాల ఫలితాలన్నీ దీనితో ఏకీభవించలేదు కాబట్టి దీన్ని తుదితీర్పుగా తీసుకోలేము. మాంసకృత్తులను ఛేదించే మరో ఎంజైము గ్రాంజైమ్-బి జన్యువులోని ఒక తేడాకూ కీళ్లు దెబ్బతినే వేగానికీ సంబంధం ఉందని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. గమనించండి, ఈ రెండూ చెప్పేది జబ్బు ఎవరికి వస్తుందన్నది కాదు, వచ్చాక కీళ్లు ఎంత త్వరగా పాడవుతాయన్నదే. జబ్బు రావడంలో అన్నిటికంటే బలమైన జన్యుప్రభావం హెచ్.ఎల్.ఏ.-డి.ఆర్.బి.1 ది, అది రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువు.

ఈ ఎంజైములను మందులతో పూర్తిగా అణచేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. క్యాన్సర్ కోసం పరీక్షించిన మారిమాస్టాట్ వంటి మందులు అనేక ఎం.ఎం.పి.లను ఒకేసారి అణచడంతో రోగులకు కీళ్లనొప్పులు, బిగుతు మొదలయ్యాయి. ఎం.ఎం.పి.-2 పుట్టుకతోనే పనిచేయని అరుదైన కుటుంబాల పిల్లల్లో ఎముకలు కరిగి కీళ్లు వంకరపోతాయి. అందుకే నేటి చికిత్స ఎంజైముల జోలికి నేరుగా వెళ్లకుండా, మెథోట్రెక్సేట్ వంటి మందులతో వాటిని ఉసిగొల్పే వాపునే తగ్గిస్తుంది. ఆ మందులను అమ్మగారు సొంత నిర్ణయంతో ఆపకూడదు.

ఇక మీ సంగతి. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి వచ్చేది సుమారు 15 శాతం సందర్భాల్లోనే కాబట్టి, జన్యుపరీక్ష వల్ల మీకు ప్రయోజనం లేదు. పొద్దున లేవగానే వేళ్ల కణుపులు గంటకు పైగా బిగుసుకుపోవడం, వాపు వారాల తరబడి తగ్గకపోవడం గమనిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలిసి, ఆర్.ఎఫ్., యాంటీ-సి.సి.పి. రక్తపరీక్షల గురించి అడగండి.