హారర్ సినిమానూ ఆటనూ కలుపుతానంటోంది మా అమ్మాయి, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. చదువులో బాగానే ఉండేది. ఏడాదిగా హారర్ సినిమాలు, వాటి చుట్టూ నెట్‌లో, నిజం ఫోన్లు, సైట్లతో కథను నిజమన్నట్టే నడిపే ‘ఆల్టర్నేట్ రియాలిటీ గేమ్స్’ (ఏఆర్‌జీ) అనేవాటి పిచ్చిలో పడింది. ఈ రెండూ కలిపి కొత్తరకం కథలు తయారు చేయడమే తన కెరీర్ అంటోంది. పోయిన నెల స్నేహితురాళ్లతో అలాంటి ఆట ఒకటి ఆడించింది. ఖాళీ గది వీడియో పంపి, అర్ధరాత్రి కొత్త నంబరు నుంచి ఫోన్ చేసి భయపెట్టిందట. ఒక అమ్మాయి ఏడ్చింది. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి గొడవ చేస్తే నాకు తల కొట్టేసినట్టయింది. నోట్‌బుక్ లాక్కుని దాచేశాను. అందులోని ఒక పేజీ ఫోటో పంపుతున్నాను, చూడండి. ఇలాంటి పిచ్చిలోనే ఇద్దరు చిన్నపిల్లలు స్నేహితురాలిని కత్తితో పొడిచారని ఎక్కడో చదివాను. ఫిల్మ్ కోర్సు, గేమ్ డిజైన్, కంప్యూటర్ సైన్స్... మూడింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో కోర్సుల మాట చివరి వాక్యంలో ఒక్కసారే వచ్చింది. దానికి ముందున్నదంతా వేరే ప్రశ్న. మా పిల్ల బుర్ర సరిగ్గానే ఉందా అన్నది మీరు అడగాలనుకున్నది. అలా రాయడానికి మీకు చెయ్యి రాలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. హారర్ ఉన్నచోట ఒకసారి ర్యాప్ ఉంటుంది, ఒకసారి కామిక్స్, ఇంకోసారి ఈ-స్పోర్ట్స్. అడుగున ఉండే భయం మాత్రం ఇదే. ముందు దాని సంగతి చూద్దాం.

మీరు చదివిన ఘటన 2014లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగింది. స్లెండర్ మ్యాన్ అనే కల్పిత పాత్ర నిజంగానే ఉందని నమ్మి, ఇద్దరు పన్నెండేళ్ల అమ్మాయిలు తోటి పిల్లను పొడిచారు. ఆ పిల్ల బతికింది. పొడిచిన ఇద్దరిలో ఒకరికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి ఉందని వైద్యులు తేల్చారు. మీ అమ్మాయి తన దెయ్యాన్ని నమ్మడం లేదు సార్. అది ఎన్ని గంటలకు ఫోన్ చేయాలో టైమ్‌టేబుల్ వేస్తోంది. దెయ్యాన్ని నమ్మేవాళ్లు దాని డ్యూటీ టైమింగ్స్ రాసుకోరు.

మీరు పంపిన పేజీ నేను రెండుసార్లు చదివాను. మీరు ఒక్కసారైనా పూర్తిగా చదివారా? స్కేలు పెట్టి గీసిన మూడు గళ్లు. మొదటి గడిలో టైము, రెండో గడిలో ‘వాళ్లకు తెలిసింది’, మూడో గడిలో ‘ఇంకా తెలియకూడనిది’. ఏడో వరుస చూడండి. ‘9:40 – ఫోన్. ఎత్తకపోతే మళ్లీ చేయొద్దు. మెసేజ్ చాలు.’ మీరు ఉత్తరంలో అర్ధరాత్రి అన్నారు. పేజీలో తొమ్మిదీ నలభై ఉంది. గొడవ చేసినావిడ అర్ధరాత్రి అని ఉంటే, మీరు కూతుర్ని అడక్కుండా అదే నిజం అనేసుకున్నారు. ఆ వరుస పక్కనే ఎర్ర ఇంకుతో ఒక పేరు కొట్టేసి ‘రేపు పరీక్ష, వద్దు’ అని రాసుంది. ఎవరికి ఏ రోజు ఇబ్బందో చూసుకుని మరీ ఆట నడిపిన పిల్ల తను. ఈ రంగంలో తెర వెనక ఉండి ఆట నడిపేవాళ్లను పప్పెట్ మాస్టర్లు అంటారు. వాళ్లు జీతానికి చేసే పని చాలావరకు ఈ పేజీలో ఉన్నదే.

ఇంకో మాట కూడా అనేస్తాను, కోపం తెచ్చుకోకండి. పదిహేడేళ్ల పిల్ల నోట్‌బుక్ లాక్కోవడం ఒక తప్పు. తనకు చెప్పకుండా అందులోని పేజీ నాలాంటి ముక్కూమొహం తెలియని మనిషికి పంపడం రెండో తప్పు. ఇదే పేజీ ఇంకెంతమందికి పంపారో కూడా నాకు తెలియదు. తల కొట్టేసినట్టయింది అన్నారు. ఆ ఏడ్చిన పిల్ల ఇప్పుడెలా ఉందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ పరువు సంగతి తర్వాత.

ఎందుకంటే ఆ పిల్ల తల్లి కోపంలో న్యాయం ఉంది. మీ అమ్మాయి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అక్కడే ఉంది, ఏ కాలేజీ సిలబస్‌లోనూ కాదు. ఈ ఆటలకు మొదటినుంచీ ఒక నినాదం ఉంది: ‘ఇది ఆట కాదు’. అంటే ఆటలోని ఫోన్ నంబరు నిజంగా మోగాలి, ఆటలోని కంపెనీకి నిజమైన వెబ్‌సైట్ ఉండాలి, ఎక్కడా ‘ఇది కల్పితం’ అన్న బోర్డు కనిపించకూడదు. హారర్‌కు ఇంతకన్నా అచ్చొచ్చే నియమం ఏముంటుంది? 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ కిటుకుతోనే ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అప్పటికి ఏఆర్‌జీ అన్న పేరు కూడా పుట్టలేదు. విడుదలకు ముందే వెబ్‌సైట్‌లో పోలీసు ఆధారాలు, డైరీ పేజీలు పెట్టారు, నటులు నిజంగానే తప్పిపోయారంటూ పోస్టర్లు అంటించారు. జనం నమ్మారు. ఎంత నమ్మారంటే, బతికే ఉన్న నటి తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయి. ఇదే నటులు 2024లో, తమకు న్యాయంగా రావాల్సిన డబ్బు ఇవ్వమని సినిమా హక్కులున్న సంస్థకు బహిరంగంగా లేఖ రాయాల్సొచ్చింది. సినిమా పాతికేళ్లు ఆడించిన భయంలో వాళ్ల వాటా ఎంతో చూసుకోండి.

ఇంకోటి మీ ఇంటి గొడవకు మరీ దగ్గరగా ఉంటుంది. 2008లో అమెరికాలో ఒక కార్ల కంపెనీ తన ప్రచారం కోసం ఇలాంటి ఆటే పెట్టింది. మీరు మీ స్నేహితుడి వివరాలు ఇస్తే చాలు, పరారీలో ఉన్న ఎవరో మనిషి ‘నీ ఇంటికి వచ్చేస్తున్నా’నంటూ అతనికి రోజూ మెయిళ్లు పంపుతాడు. అలా మెయిళ్లు అందుకున్న ఒకావిడ నిజంగా వణికిపోయి, కోటి డాలర్లకు దావా వేసింది. పెద్ద ఏజెన్సీ, పెద్ద బడ్జెట్, లాయర్లు అందరూ ఉండి చేసిన పొరపాటు మీ అమ్మాయి ఉన్న ఒక్క నోట్‌బుక్‌తో చేసింది. ఆడతావా అని అడగలేదు, అంతే.

ఇక ఈ దారి మీద నా అనుమానాలు. ఇక్కడ మాత్రం మీ అమ్మాయి కూడా చదివితే బాగుంటుంది.

సినిమానూ ఆటనూ కలపడం వినడానికి బాగుంటుంది కానీ, భయం దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. సినిమాలో టైము దర్శకుడి చేతిలో ఉంటుంది. తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎన్ని సెకన్లు నిశ్శబ్దం ఉండాలి అన్నది ఎడిటింగ్ టేబుల్ మీద తేలుతుంది. ఆటలో అదే టైము ఆటగాడి చేతికి పోతుంది. మీరు వణికించే మెయిల్ పంపిస్తారు, అతను దాన్ని మర్నాడు మధ్యాహ్నం పదిమంది మధ్య కూర్చుని తెరుస్తాడు. భయం గోవిందా. పైగా హారర్‌కు ఒంటరితనం కావాలి, ఏఆర్‌జీ గుంపుగా ఆడేది. 2001లో ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా కోసం మైక్రోసాఫ్ట్ బృందం ‘ది బీస్ట్’ అనే ఆట నడిపింది. ఈ రకానికి మొదటి పెద్ద ఉదాహరణ అదే. క్లౌడ్‌మేకర్స్ అని వేలమంది ఒక గుంపుగా చేరారు. నెలల తరబడి సరిపోతాయనుకున్న చిక్కుముళ్లను వాళ్లు మొదటి రోజే విప్పేశారని తయారు చేసినవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. అంతమంది కలిసి జోకులు వేసుకుంటూ విప్పుతుంటే ఏ దెయ్యమైనా చిన్నబోతుంది. దీనికి దారి లేకపోలేదు. చిక్కుముడి గుంపుకి, వణుకు ఒక్కరికి, అంటే ఆధారాలు అందరూ కలిసి వెతకాలి, ఫోన్ మాత్రం ఒక్కరికే రావాలి. మీ అమ్మాయి టైమ్‌టేబుల్‌లో వీడియో గ్రూపులో వేసి, ఫోన్ ఒక్కొక్కరికీ చేసినట్టుంది. తెలిసి చేసిందో తెలియక చేసిందో, నేనైతే తెలిసే అనుకుంటాను.

రెండో అనుమానం జీతం గురించి. సినిమాతో కలిసి వచ్చిన ఇలాంటి ఆటల్లో ఎక్కువ భాగం ప్రచారం కోసం పుట్టినవే. ‘లాంగ్‌లెగ్స్’ 2024లో హోర్డింగ్ మీద ఒక ఫోన్ నంబరు మాత్రం వేసి, ఫోన్ చేస్తే సినిమాలోని హంతకుడి గొంతు వినిపించేలా చేసింది. కోటి డాలర్ల లోపు ఖర్చుతో తీసిన సినిమా 12 కోట్లకు పైగా తెచ్చింది. ఇది విని పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆ లాభం సినిమాది, ఆ నంబరు ఆలోచించినవాళ్లకు దక్కేది ఒక కాంట్రాక్టు. విడుదల రోజుతో పని అయిపోతుంది. చేస్తున్నన్నాళ్లూ బయట చెప్పకూడదు. అయ్యాక సైట్లు మూసేస్తారు. రేపు ఇంటర్వ్యూలో నేనిది చేశానని చూపించడానికి ఏమీ మిగలదు. దర్శకుడికి సినిమా మిగులుతుంది, ఈ పనిలో మిగిలేది ఆడినవాళ్ల జ్ఞాపకం. ఆట దానికదే అమ్ముడుపోతుందా అంటే, 2001లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ ఆ ప్రయత్నం కూడా చేసింది. ‘మెజెస్టిక్’ అని, ఆటగాళ్లకు ఫోన్లు, ఫ్యాక్సులు వచ్చే ఆట. ఏడాది తిరక్కుండానే మూతపడింది.

అంతులేని ఖాళీ గదుల్లో చిక్కుకుపోయే ‘బ్యాక్‌రూమ్స్’ హారర్ వీడియో చేసిన కుర్రాడి పేరు మీ ఇంట్లో ఈపాటికి వినిపించే ఉంటుంది. కేన్ పార్సన్స్. పదహారేళ్ల వయసులో, 2022 జనవరిలో, బ్లెండర్ అనే ఉచిత 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వాడి తయారు చేసిన వీడియోతో ఒక పెద్ద సినిమా సంస్థ దాకా వెళ్లాడు. నిజమే. అయితే అతని దగ్గర ముందు ఉన్నది బ్లెండర్ మీద పట్టు. 2009లో మొదలైన యూట్యూబ్ హారర్ సిరీస్ ‘మార్బుల్ హార్నెట్స్’ కుర్రాళ్లదీ ఇదే కథ. చేతి కెమెరా, కొన్ని చెట్లు, యూట్యూబ్‌లో రెండు ఛానళ్లు, ఒకదానికి ఇంకోటి సంకేతాల్లో జవాబిస్తుంది. అయిదేళ్లు నడిపారు. ఎవరూ ‘ఏఆర్‌జీ చదివి’ రాలేదు. అందుకే ఇమ్మర్సివ్ స్టోరీటెల్లింగ్ అనో ట్రాన్స్‌మీడియా అనో పేరు పెట్టి పెద్ద ఫీజు అడిగే డిప్లొమాల బ్రోచర్ మీ ఇంటికి వస్తే, ముందు ఒక్కటే అడగండి. పోయిన బ్యాచ్ విద్యార్థులు నడిపిన ఆట ఏదైనా చూపిస్తారా అని. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

సరే, మీరడిగిన పోలిక. ఫిల్మ్ కోర్సులో ఎడిటింగ్, సౌండ్ వస్తాయి. భయంలో సగం సౌండే. గేమ్ డిజైన్‌లో మంచిది దొరికితే, ఆటగాడు మనం అనుకున్నట్టు చేయడన్న వినయం వస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో సైటు, సర్వరు, ఫోన్ కాల్ తనంతట తానే వెళ్లేలా చేసే ప్రోగ్రాము చేతికొస్తాయి. ఉద్యోగం విషయంలో మూడింట్లో ఎక్కువ తలుపులున్నది మూడోదే, అది మీకూ తెలుసు. కానీ ఆ పేజీ చూశాక నాకు తోచింది మీ జాబితాలో లేదు. స్టేజ్ మేనేజ్‌మెంట్. నాటకం నడుస్తుండగా తెర వెనక ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో చూసుకునే పని. ‘సా’ హారర్ సిరీస్‌లో కొన్ని సినిమాలు తీసిన దర్శకుడు డారెన్ లిన్ బౌస్‌మన్ 2016లో లాస్ ఏంజెలెస్‌లో నడిపిన ‘ది టెన్షన్ ఎక్స్‌పీరియన్స్’ నెట్‌లో ఆటగా మొదలై చివరికి ఒక భవనంలో నాటకంగా తేలింది. అలాంటిచోట రాతకన్నా ముందు కావలసింది ఇదే. మీ అమ్మాయిని ఏ కోర్సులో వేసినా సరే, పక్కన ఒక నాటక బృందంలో తిరగనివ్వండి. నలుగురినీ సమయానికి నడపగలిగిన మనిషి ఎక్కడా పస్తుండదు. సినిమా సెట్టైనా, ఈవెంట్లైనా, గేమ్ కంపెనీ అయినా. కోర్సు తప్పు ఎంచుకుంటే జీవితం పోతుందన్న టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. ఈ మూడింట్లో ఏది చదివినా మిగతా రెండింటిలో కావలసినంత బయట నేర్చుకోవచ్చు. పదిహేడేళ్లకే మూడు గళ్లు గీసుకున్న పిల్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు.

బెంగపడాల్సిన రోజు ఎలా ఉంటుందో కూడా చెప్తాను. రాత్రిళ్లు నిద్రపోకపోవడం, స్నేహాలన్నీ వదిలేయడం, కల్పిత పాత్ర తనతో మాట్లాడుతోందనడం. అలాంటివి కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి, నా దగ్గరికి కాదు.

ఇవాళ చేయాల్సింది చిన్నది. నోట్‌బుక్ తిరిగిచ్చేయండి. పేజీ నాకు పంపిన సంగతి చెప్పి, తప్పయిందనండి. తర్వాత ఇద్దరూ కలిసి ఆ ఏడ్చిన పిల్ల ఇంటికి వెళ్లండి. సారీ తనే చెప్పాలి, మీరు పక్కన నిలబడితే చాలు. ఆట ఎక్కడ భయం దాటి బాధైందో ఆ పిల్లనే అడగమనండి. జవాబు రాసుకోమనండి కూడా. దుడ్డు ఖర్చు లేకుండా ఈ రంగంలో ఇంత మంచి ఫీడ్‌బ్యాక్ ఎవరికీ దొరకదు.

ఇంటికొచ్చాక ఒక్క ప్రశ్న వేయండి. ‘ఎవరైనా మధ్యలో ఆపేయాలనుకుంటే నీ ఆటలో ఎలా ఆపుతారు?’ అని. ఏ మాట పంపితే ఆగుతుంది, ఆ మాట వాళ్లకు ముందే చెప్పావా, ఆగాక ఎవరు ఫోన్ చేసి ఇదంతా ఆటేనని చెప్తారు? ఆ పేజీలో దీనికి గడి లేదు. మూడో గడికి కుడివైపు కాస్త ఖాళీ ఉంది, నాలుగోది పడుతుంది. స్కేలు తన చేతికే ఇవ్వండి.